వెన్నెముకకు చిన్న కోత, నెత్తురుకు పొదుపు

కోనసీమలో కొబ్బరి దింపు ఏడాది పొడుగునా సాగే పని. దింపు కార్మికుడు కాళ్ళకు బంధం తగిలించుకొని, నడుమున కత్తి దోపుకొని, చూస్తుండగానే చెట్టు మొవ్వు దగ్గరకు చేరుకొంటాడు. అంబాజీపేట బజారుకు వచ్చే కాయల వెనుక ఇటువంటి మనుషుల రెక్కల కష్టం ఎంతో ఉన్నది. వానకాలంలో మాను నాచు పట్టి జారుతుంది. ఒక్కొక్కప్పుడు ఆసరాగా పట్టుకొన్న మట్ట ఊడి చేతికి వస్తుంది. అప్పుడు మనిషి పడతాడు.

10 మీటర్ల ఎత్తు నుండి పడిన మనిషి ఎంత వేగంతో నేలను తాకుతాడో ఉన్నత పాఠశాల విద్యార్థి సులభంగా లెక్క కట్టగలడు. గురుత్వ త్వరణం 9.8. దానిని రెట్టింపు చేసి ఎత్తుతో గుణిస్తే 196 వస్తుంది. దాని వర్గమూలం 14. అనగా సెకండుకు 14 మీటర్లు, గంటకు 50 కిలోమీటర్లు. పడడానికి పట్టే కాలం ఒకటిన్నర సెకండు కూడా లేదు. కాళ్ళ మీదనో, పిరుదుల మీదనో పడితే ఆ దెబ్బ వెన్నెముక వెంట కింది నుండి పైకి పాకుతుంది.

వెన్నెముకలో మెడ భాగాన 7, వీపు భాగాన 12, నడుము భాగాన 5 కదిలే వెన్నుపూసలు ఉన్నవి. వీపు పూసలను పక్కటెముకలు పంజరంలా బిగించి ఉంచుతవి. నడుము పూసలకు అటువంటి కట్టుబాటు లేదు. అవి స్వేచ్ఛగా వంగుతవి. బిగువైన భాగం వదులైన భాగాన్ని కలిసే చోటు ఎప్పుడూ బలహీనమైనదే. ఎత్తు నుండి పడినవారిలో 12వ వీపుపూస, 1వ నడుముపూస తరచుగా నలిగిపోవడానికి కారణం ఇదే. పూస ముందువైపు మాత్రమే కొంచెం అణగితే నడుముకు పట్టీ వేసి, విశ్రాంతి ఇచ్చి నయం చేయవచ్చును. పూస పగిలి చెదిరి, వెన్నెముక నిలకడ తప్పినప్పుడు మాత్రం పైపూసలోనూ, కిందిపూసలోనూ మరలు దించి, వాటిని లోహపు కడ్డీలతో కలిపి బిగించవలసి ఉంటుంది.

ఈ బిగింపు కొత్త పని కాదు. ఫ్రాన్సు దేశపు శస్త్రవైద్యుడు రాయ్‌-కమీ 1963లోనే వెన్నుపూస వృంతాల గుండా, అనగా పూస వెనుక భాగాన్ని ముందు దిమ్మెతో కలిపే పొట్టి ఎముక కాడల గుండా, మరలు దించినాడు. కొత్తదల్లా ఆ మరలను చేర్చే దారి. ఆ దారి మారడం వల్ల రోగి కోల్పోయే రక్తం తగ్గింది. కోనసీమ వంటి చోట ఇది ఎంత పెద్ద సంగతో తెలియడానికి ముందుగా రక్తం లెక్క చూడాలి.

పెద్దవారి శరీరంలో కిలోగ్రాము బరువుకు సుమారు 70 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. స్త్రీలలో ఇది 65 వరకు ఉంటుందని లెక్కిస్తారు. 60 కిలోల పురుషునికి 4,200 మి.లీ., 50 కిలోల స్త్రీకి 3,250 మి.లీ. అన్న మాట. ప్రాణవాయువును మోసే పదార్థం ఎర్రకణాలలోని హీమోగ్లోబిన్‌. అది పురుషులలో 100 మి.లీ. రక్తానికి 13 గ్రాములు, గర్భిణులు కాని స్త్రీలలో 12 గ్రాములు తగ్గకుండా ఉండాలి. శస్త్రచికిత్సలో పోయిన రక్తం చోటును వైద్యులు మొదట సెలైన్‌ వంటి ద్రవాలతో నింపుతారు. పరిమాణం నిలుస్తుంది కాని రక్తం పలుచబడుతుంది. హీమోగ్లోబిన్‌ 7, 8 గ్రాములకు పడిపోయినప్పుడు సాధారణంగా పరుల రక్తం ఎక్కించే ఆలోచన చేస్తారు. రోగి వయస్సు, గుండె స్థితి చూచి ఈ హద్దును మారుస్తారు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. శరీరంలోని మొత్తం రక్తాన్ని, హీమోగ్లోబిన్‌ ఎంతవరకు తగ్గవచ్చునో ఆ తేడాతో గుణించి, మొదటి హీమోగ్లోబిన్‌తో భాగిస్తే, రక్తం ఎక్కించకుండా సుమారు ఎంత నష్టాన్ని భరించవచ్చునో తెలుస్తుంది. 60 కిలోల బరువు, 14 గ్రాముల హీమోగ్లోబిన్‌ గల దింపు కార్మికుడు 8 గ్రాముల వరకు తగ్గవచ్చుననుకొందాం. 4,200ను 6తో గుణించి 14తో భాగిస్తే 1,800 మి.లీ. ఇక 50 కిలోల బరువు, 10 గ్రాముల హీమోగ్లోబిన్‌ గల స్త్రీకి? 3,250ను 2తో గుణించి 10తో భాగిస్తే 650 మి.లీ. మాత్రమే. ఒకే శస్త్రచికిత్సలో ఇద్దరికీ 800 మి.లీ. పోయిందంటే, అతడు దానిని తట్టుకొంటాడు, ఆమెకు సీసా కట్టవలసి వస్తుంది. ఈ రెండవ లెక్క అరుదైన మనిషిది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో సగానికి పైగా రక్తహీనులని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. పైగా ఒక పూస మరొక పూస మీద నుండి ముందుకు జారే జబ్బు, దానికి మరలు బిగించే అవసరం, 50 ఏళ్ళు దాటిన స్త్రీలలోనే ఎక్కువగా కనిపిస్తవి.

ఎక్కించడానికి రక్తం దొరకడం వేరే సమస్య. ఎర్రకణాలను 2 నుండి 6 డిగ్రీల చల్లదనంలో, అందులో కలిపే ద్రావణాన్ని బట్టి 35 నుండి 42 రోజులు మాత్రమే నిలువ ఉంచగలరు. ఒకసారి రక్తమిచ్చిన పురుషుడు మళ్ళీ 90 రోజులకు గాని, స్త్రీ 120 రోజులకు గాని ఇవ్వరాదు. ఆర్‌హెచ్‌ నెగటివ్‌ వర్గం మన దేశంలో నూటికి సుమారు 5 మందికే ఉంటుంది. కోనసీమ మూడు దిక్కుల గోదావరి పాయలు, నాలుగవ దిక్కు సముద్రం గల దీవి. గౌతమి ఒకవైపు, వశిష్ఠ మరొకవైపు, నడుమ వైనతేయ. 2002లో యానాం–ఎదుర్లంక వారధి పూర్తి కానంత కాలం అమలాపురం నుండి కాకినాడ ఆసుపత్రికి పోవలసిన రోగి రేవు దాటాలి, లేదా రావులపాలెం చుట్టు తిరగాలి. ఇప్పుడు అమలాపురంలోనే కోనసీమ వైద్య విజ్ఞాన సంస్థ, దాని ఆసుపత్రి ఉన్నవి. కాకినాడలో 1958లో నెలకొల్పిన రంగరాయ వైద్య కళాశాల, దానితో కూడిన ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నవి. 2022 ఏప్రిల్‌ 4న కోనసీమ ప్రత్యేక జిల్లా అయింది. దారులు దగ్గరైనవి. అయినా, రాజోలు పల్లెలోనో, కొత్తపేట లంకలోనో ఉన్న బంధువులను రక్తం ఇవ్వడానికి రమ్మని రాత్రివేళ కబురు పంపే అవస్థ ఇంకా చాలా కుటుంబాలకు పరిచితమే.

ఇక అసలు ప్రశ్న: వెన్నెముక శస్త్రచికిత్సలో ఇంత నెత్తురు ఎందుకు పోతుంది?

మూడు చోట్ల నుండి పోతుంది. మొదటిది కండరం. వెన్నెముకకు ఇరువైపులా దళసరి కండరాలు నిలువుగా పరుచుకొని, పూసలను అంటిపెట్టుకొని ఉంటవి. పాత పద్ధతిలో వీపు నడుమ పొడుగాటి కోత పెట్టి, ఈ కండరాలను ఎముక మీద నుండి ఒలిచి, పక్కలకు లాగి, ఇనుప పట్టుకొక్కేలతో గంటల తరబడి బిగించి ఉంచుతారు. కండరానికి పోషణనిచ్చే చిన్న చిన్న రక్తనాళాలు ఎముక పక్క నుండే కండరంలోకి ప్రవేశిస్తవి. ఒలిచినప్పుడు అవన్నీ తెగుతవి. ఒక్కొక్కటి దారం అంత సన్ననిదే గాని, అటువంటివి ఎన్నో. రెండవది ఎముక. పూస లోపలిభాగం స్పంజి వంటిది. అందులోని గదులన్నీ రక్తంతో నిండి ఉంటవి. తెగిన నాళానికి ముడి వేయవచ్చును, చెమర్చే ఎముకకు ముడి వేయడం ఎట్లా? మైనం రుద్ది గదుల నోళ్ళు మూయడమే మార్గం. మూడవది వెన్నుపాము కాలువలోని సిరల వల.

ఈ సిరల వల గురించి కొంచెం ఎక్కువగా చెప్పుకోవలసి ఉన్నది. కాళ్ళ సిరలలో రక్తం వెనుకకు రాకుండా కవాటాలు ఉంటవని పాఠ్యపుస్తకాలలో చదువుతారు. వెన్నెముక సిరలలో కవాటాలు లేవు. అందుచేత రక్తం ఎటు ఒత్తిడి తక్కువగా ఉంటే అటు పారుతుంది. 1940లో ఫిలడెల్ఫియాకు చెందిన ఆస్కార్‌ బాట్సన్‌ ఈ సంగతిని ప్రయోగాలతో చూపినాడు. వెన్ను మీద శస్త్రచికిత్స చేయడానికి రోగిని బోర్లా పడుకోబెట్టక తప్పదు. అప్పుడు పొట్ట బల్లకు ఆని నొక్కుకొంటే, పొట్టలోని పెద్ద సిర అణగి, గుండెకు పోవలసిన రక్తం ప్రక్కదారి పట్టి వెన్నెముక సిరలలోకి పొంగుతుంది. పంట కాలువ లాకు మూస్తే నీరు పక్క బోదెల్లోకి ఎగదన్నినట్లే. అందుకనే రోగి ఛాతీకి, కటి ఎముకలకు మాత్రం ఆనుడు ఇచ్చి, పొట్ట కిందికి స్వేచ్ఛగా వేలాడేటట్లు పడుకోబెడతారు. ఖరీదైన యంత్రమేదీ అక్కరలేని ఈ ఏర్పాటు పొదుపు చేసే రక్తం తక్కువేమీ కాదు.

కండరం నుండి పోయే రక్తాన్ని ఆపాలంటే కండరాన్ని ఒలవకుండా ఉండాలి. కండరం పోగుల కట్ట. కొబ్బరి డొక్కను పీచుకు అడ్డంగా నరకడానికి ఎంత బలం కావాలో, గునపం మొనను పీచు వెంట దించడం ఎంత తేలికో కోనసీమ పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు. కండరంలో కూడ పోగుల నడుమ, కండరానికి కండరానికి నడుమ సహజమైన సందులు ఉన్నవి. కాలిఫోర్నియాకు చెందిన లియాన్‌ విల్ట్సీ 1968లో, నడిమధ్యన కాక కొంచెం పక్కగా, ఇటువంటి సందు గుండా పూసలను చేరుకొనే విధానాన్ని ప్రచురించినాడు. అప్పటికింకా కోత చిన్నది కాలేదు, దారి మాత్రమే మారింది.

కోతను చిన్నది చేసినది సూక్ష్మదర్శిని. వెన్నుపూసల నడుమ ఉండే మెత్తని చక్రిక చిట్లి నాడిని నొక్కడం వల్ల కాలిలోకి పోటు వస్తుందని 1934లో బోస్టన్‌ వైద్యులు మిక్స్‌టర్‌, బార్‌ స్పష్టపరచినారు. దానిని తొలగించడానికి పెద్ద కోతలే వాడేవారు. 1977లో యాసర్‌గిల్‌, కాస్పర్‌ వేరువేరుగా సూక్ష్మదర్శిని కింద ఈ పని చేయడం గురించి ప్రకటించినారు. వెలుతురు, పెద్దదిగా చూపే కటకం ఉంటే, చూపుకు కావలసిన ద్వారం చిన్నది కావచ్చునని తేలింది. 1997లో అమెరికాలో ఫోలీ, స్మిత్‌ అనే వైద్యులు ఇంకొక అడుగు వేసి, కండరం గుండా ఒక గొట్టం దించి, ఆ గొట్టంలో నుండే చక్రిక ముక్కను తీసే పద్ధతిని తెచ్చినారు. మరి కొన్నేళ్ళకే చర్మం మీది చిన్న గాట్ల గుండా మరలు, కడ్డీలు దించే సాధనాలు కూడ వచ్చినవి.

గొట్టం ఎట్లా దిగుతుంది? రోగిని స్పృహ లేకుండా చేసి బోర్లా పడుకోబెట్టిన తరువాత, ఎక్స్‌రే యంత్రంతో సరియైన పూసను గుర్తిస్తారు. ఈ యంత్రం తెలుగు ‘ఽ’ గుర్తులా కాక, ఒకవైపు తెరచిన వలయంలా ఉండి బల్లను చుట్టుకొని ఉంటుంది. బొమ్మను అప్పటికప్పుడే తెర మీద చూపుతుంది. నడిగీతకు కొంచెం పక్కగా, 2 నుండి 3 సెంటీమీటర్ల గాటు పెడతారు. మొదట పెన్సిలు అంత సన్నని కడ్డీని కండరపు పోగుల నడుమగా ఎముక దాకా పంపుతారు. దాని మీద తొడుగులా కొంచెం లావు గొట్టం, దాని మీద ఇంకొంచెం లావుది, ఇట్లా ఒకదాని మీద ఒకటి దించుతారు. పోగులు తెగకుండా పక్కలకు జరుగుతవి. చివరి గొట్టం అడ్డుకొలత పని ఎటువంటిదో దానిని బట్టి సుమారు 16 నుండి 22 మిల్లీమీటర్లు. లోపలి కడ్డీలన్నీ తీసివేస్తే పైసా బిళ్ళంత కిటికీ మిగులుతుంది. పని అంతా సూక్ష్మదర్శినితోనో, దుర్భిణి వంటి సన్నని గొట్టపు కన్నుతోనో దానిలో నుండే జరుగుతుంది.

ఇందులో రెండు మేళ్ళు ఉన్నవి. గొట్టం గోడ చుట్టూ ఉన్న కండరాన్ని సమంగా నొక్కుతూ, చిన్న చిన్న నాళాల నోళ్ళు మూసి ఉంచుతుంది. పని ముగిసి గొట్టం తీయగానే పక్కకు జరిగిన పోగులు తిరిగి కలిసిపోతవి. రక్తం చేరి నిలువ ఉండే బోలు చాలావరకు మిగలదు. పాత పద్ధతిలో కండరం కింద అటువంటి బోలు మిగలడం వల్ల శస్త్రచికిత్స అయిన తరువాత కూడ రోజంతా నెత్తురు ఊరుతుంది. దానిని బయటకు తీయడానికి గొట్టం అమర్చవలసి వస్తుంది.

చెట్టు నుండి పడి పూస పగిలిన మనిషికి, నాడులను నొక్కుతున్న ముక్కలు లేనప్పుడు, లోపల ఏమీ తెరువనక్కరలేదు. పైపూసకు రెండు, కిందిపూసకు రెండు చొప్పున చిన్న గాట్లు పెట్టి, ఎక్స్‌రే బొమ్మ చూస్తూ ఒక్కొక్క వృంతంలోకి మర దించి, చర్మం కిందుగానే కడ్డీ జార్చి బిగిస్తారు. కండరాన్ని ఒలవరు, ఎముకను చెక్కరు. పైన చెప్పిన మూడు తావులలో మొదటిది దాదాపు మూతపడుతుంది. రెండవ దాని నుండి మరల రంధ్రాల మేరకే రక్తం వస్తుంది. మూడవ దాని జోలికే పోరు. అందుచేత రక్తపు పొదుపు బాగా కనిపించేది ఇటువంటి పనులలోనే.

పూసలను ఎముకతో అతికించే శస్త్రచికిత్సలలో కూడ ఇట్లాగే తేడా కనిపించింది. తెరిచి చేసినప్పుడు కొన్ని వందల మిల్లీలీటర్లు పోయే చోట, గొట్టపు పద్ధతిలో పోయేది చాలా పరిశీలనలలో అందులో సగం, లేదా అంతకంటె తక్కువ. పైన లెక్కించిన 650 మి.లీ. స్త్రీని మళ్ళీ తలచుకొంటే ఈ సగం విలువ తెలుస్తుంది.

అయితే ఈ విషయంలో కొంత అతిశయోక్తి కూడ ప్రచారంలో ఉన్నది. ఒక్క చక్రిక ముక్కను తీయడానికి సూక్ష్మదర్శినితో చేసే మామూలు శస్త్రచికిత్సలోనే పోయే రక్తం చాలా కొద్ది. అక్కడ గొట్టం వల్ల మిగిలేది లెక్కకు రాదు. అటువంటి రోగులపై జరిగిన పరిశోధనలన్నిటినీ కలిపి చూచిన 2014 నాటి కాక్రేన్‌ సమీక్షలో, కాలినొప్పి, నడుమునొప్పి తగ్గడంలో కొత్త పద్ధతి పాతదాని కంటె మేలు కాలేదు. చిన్న తేడాతో వెనుకబడింది కూడ. మరొక సంగతి. గొట్టంలో నుండి కనిపించేది చిన్న వలయమే కాబట్టి, వైద్యుడు చుట్టుపక్కల ఎముకను కళ్ళారా చూడలేడు. ఎక్స్‌రే బొమ్మల మీద ఆధారపడాలి. అందువల్ల రోగికీ, అంతకంటె ఎక్కువగా రోజూ అదే పనిలో ఉండే వైద్యునికీ, నర్సులకూ కిరణాల తాకిడి పెరుగుతుంది; సీసపు కోటు తొడిగినా చేతులకు రక్షణ తక్కువ. చేయి తిరగడానికి చాలా కాలం పడుతుంది. పెద్ద గూని సరిచేయడానికీ, వెన్నుపామును చాలా మేర నొక్కుతున్న గడ్డలకూ, చెదిరిన పూసముక్కలను కాలువలో నుండి తీయడానికీ తెరిచి చేయడమే తరచుగా సరియైన మార్గం. వెన్నుపాము అప్పటికే తెగి ఉంటే, కోత చిన్నదైనా పెద్దదైనా కాళ్ళకు చలనం తిరిగి రాదు.

రక్తాన్ని పొదుపు చేయడానికి కోత ఒక్కటే ఉపాయం కాదు. జపానులో షోసుకే ఒకామోటో, ఆయన భార్య ఉటాకో ఒకామోటో కనుగొని 1962లో ప్రకటించిన ట్రానెక్సామిక్‌ ఆమ్లం అనే మందు ఇప్పుడు వెన్నెముక శస్త్రచికిత్సలలో విరివిగా వాడుతున్నారు. నాళం తెగినచోట రక్తం గడ్డకట్టడం ఎంత సహజమో, ఆ గడ్డను కరిగించే ప్లాస్మిన్‌ అనే పదార్థం బయలుదేరడం కూడ అంత సహజమే. ఈ మందు ప్లాస్మిన్‌ గడ్డను పట్టుకోకుండా అడ్డుకొంటుంది. గడ్డ నిలుస్తుంది, చెమ్మ ఆగుతుంది. ధర కూడ తక్కువ. సిరలలో గడ్డలు కట్టే జబ్బు ఉన్నవారికి మాత్రం ఆలోచించి ఇవ్వాలి.

తొందర లేని శస్త్రచికిత్స అయితే, కొన్ని వారాల ముందే రక్తపరీక్ష చేసి, ఇనుము లోపం ఉంటే దానిని తీర్చడం ఇంకా మంచి ఉపాయం. 10 గ్రాముల స్త్రీ 12 గ్రాములకు వస్తే, భరించగల నష్టం 650 నుండి దాదాపు 1,080 మి.లీ.కు పెరుగుతుంది. ఇంత లాభాన్ని ఏ గొట్టమూ ఇవ్వలేదు. ఒక సీసా ఎర్రకణాలు ఎక్కిస్తే పెరిగేది సుమారు 1 గ్రాము మాత్రమేనని గుర్తుంచుకొంటే, ఇనుపమాత్రలు ఇంట్లోనే రెండు సీసాల పని చేసినట్లు.

చక్రిక జారిన వారిలో చాలా మందికి 6 నుండి 12 వారాలలో శస్త్రచికిత్స లేకుండానే నొప్పి తగ్గుతుందన్నది కూడ ఇక్కడే చెప్పవలసిన మాట. అటువంటి వారికి ఒక్క చుక్క కూడ పోదు. మలమూత్రాలు అదుపు తప్పినా, కాలిలో బలం రోజురోజుకు తగ్గుతున్నా మాత్రం ఆగరాదు.

ఇదంతా ఆసుపత్రికి చేరిన తరువాత సంగతి. చెట్టు కింద జరిగేది వేరు. పడిన మనిషిని నలుగురూ చంకలు, కాళ్ళు పట్టి లేవనెత్తడం, కూర్చోబెట్టి నీళ్ళు తాగించడం, ఆటోలో ముడుచుకొని కూర్చోబెట్టడం సాధారణంగా కనిపించే పనులు. పగిలిన పూస వంగినప్పుడు దాని ముక్క వెన్నుపామును నొక్కవచ్చును. కాళ్ళు ఆడుతున్న మనిషికి ఈ దారిలోనే కాళ్ళు పడిపోవచ్చును. 108కు కబురు చేసి, అది వచ్చేదాకా పడినచోటనే కదలకుండా ఉంచి, ఒకరు తలను రెండు చేతులతో నిటారుగా పట్టుకోవాలి. తప్పనిసరిగా కదపవలసి వస్తే, ముగ్గురు ఒకే పక్కన మోకరించి, భుజం, నడుము, మోకాలు పట్టుకొని, తల పట్టుకొన్నవాని మాట మీద అందరూ ఒకేసారి దుంగను దొర్లించినట్లు పక్కకు తిప్పి, వెనుక నుండి వెడల్పు చెక్కపలక జొనిపి, తిరిగి వెల్లకిలా దించాలి. పలక దొరకకపోతే ఇంటి తలుపు రెక్క చాలు.